బ్రేకమ్మ కాపలా

కారు తాళాలు పోయాయంటే ఎవరైనా "ఎక్కడ పోయాయి?" అని అడుగుతారు. బ్రేకమ్మ ఇంట్లో మాత్రం "చీటీతో సహా పోయాయా?" అని అడిగారు.

చీటీ ఆమె భర్త పుణ్యం. ఆయన లైబ్రరీలో గుమాస్తా. కంటబడ్డ ప్రతి వస్తువుకీ చీటీ అంటించకపోతే ఆయనకి అన్నం సయించదు. కారు తాళానికి అట్టముక్క కట్టి, ముత్యాల్లాంటి అక్షరాలతో ఇంటి నంబరు, వీధి, కారు నంబరు రాశాడు. పోతే ఎవరో పుణ్యాత్ముడు తెచ్చిస్తాడని ఆశ. రెండో తాళం ఎక్కడ పోతుందోనన్న బెంగతో దాన్నీ మొదటిదానికే కట్టాడు. ఆ పొద్దున బజారులో ఆమె టమాటాలు ఏరుతుంటే ఎవడో సంచీ పట్టీ కోసి, రెండు తాళాలనూ చిరునామానూ ఒక్క దెబ్బకి పట్టుకుపోయాడు.

బ్రేకమ్మ అన్నది డ్రైవింగు నేర్చుకునేవాళ్లు పెట్టిన పేరు. ఆమె స్కూలంటే ఒక బోర్డు, ఒక కారు. డ్రైవరు కాళ్ల దగ్గర ఉన్నట్టే పక్క సీటు దగ్గర కూడా క్లచ్, బ్రేకు ఉన్న కారు. శిష్యులు గోడలమీదికి, గేదెలమీదికి పోతుంటే ఆపడమే పదకొండేళ్లుగా ఆమె కుడికాలి ఉద్యోగం. ఇల్లు భర్త పేరన ఉంది, బీరువా అత్తగారి పేరన ఉంది. ఆమె పేరన ఉన్న వస్తువు ప్రపంచం మొత్తమ్మీద ఆ కారొక్కటే. అది పోతే మిగిలేది బోర్డు.

"సాయంత్రం నాలుగింటికి గానీ రాలేనమ్మా," అన్నాడు తాళాల మేస్త్రీ ఫోనులో. "మొత్తం మార్చాలి. ఈలోపు టైర్లలో గాలి తీసెయ్యి. గాలిలేని బండిని దొంగ కాదు కదా, దొంగ తాత కూడా కదిలించలేడు."

"మన బండికి మనమే గాలి తీసుకోవడమేంటే?" అంది అత్తగారు మెట్టు మీద కూర్చుని. "వాడొస్తాడా, పెడతాడా? తాళాలు ఏ మురిక్కాలవలోనో పారేసుంటాడు."

"మీ అబ్బాయి అంత అందంగా రాసిచ్చాక రాకపోతే ఏం మర్యాద అత్తయ్యా?"

భర్త నొచ్చుకున్నాడు. "చేతిరాత బాగుండటం కూడా నా తప్పేనా?"

"మీ తప్పెందుకండీ? దొంగలకి చదువు చెప్పిన మేస్టర్లది."

ఆయన పోలీసులకి ఫోను చెయ్యడానికి లోపలికి వెళ్లాడు. బ్రేకమ్మ వీధిలోకి వెళ్లి, గోడవైపున్న ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుంది. పదకొండు గంటల ఎండ. గాలి మూత అలా ఊడదీసిందో లేదో, ఎవరో దూరంనుంచి తాళం బటను నొక్కినట్టు కారు టిక్కుమంది. నాలుగు తలుపుల గొళ్లేలూ ఒక్కసారే విడిపోయాయి.

తల కొంచెం ఎత్తి చూసింది. అద్దాల అవతల ఇస్త్రీ చొక్కా, చేతిలో అట్టముక్క. సొంతింటికి వచ్చినంత నిదానంగా వస్తున్నాడు. వాడు ఇటు డ్రైవరు సీట్లో కూర్చునేసరికి, ఆవిడ అటు పక్క సీట్లో కూర్చుంది. పదకొండేళ్ల అలవాటు, చెయ్యి దానంతటది వెళ్లి బెల్టు పెట్టేసుకుంది.

"ఎవత్తివే నువ్వు?"

"కారు నాది. దిగు."

వాడు మాటల మనిషి కాదు. మోచేత్తో మూతిమీద పొడిచాడు. ముందుపన్ను విరిగి ఆమె నాలుకమీద పడింది. ఆ దెబ్బకి తల తలుపుకి కొట్టుకుని ఇంకా తిరుగుతుండగానే కారు ఎగిరినట్టు వీధి మధ్యలోకి పడింది. మెట్టు మీంచి అత్తగారి కేక వినిపించింది.

బ్రేకమ్మ రెండు కాళ్లూ కలిపి తొక్కింది.

పాతకాలపు కారు, గుద్దుకుంటే ఉబ్బే సంచులు దానికి లేవు. దొంగకి బెల్టూ లేదు. వాడి ముఖం స్టీరింగుకి తగిలి, ముక్కు పచ్చిపుల్ల విరిగినట్టు విరిగింది. ఇస్త్రీ చొక్కా ఎర్రబడింది. ఏం జరిగిందో వాడికి అర్థం కాలేదు. కారుకి దయ్యం పట్టిందనుకుని మళ్లీ స్టార్టు చేసి కసిగా గేరు వేశాడు. కారు వేగం అందుకున్నాక ఆమె మళ్లీ తొక్కింది. ఈసారి నుదురు పగిలింది.

అప్పుడు కనిపించాయి వాడికి ఆమె పాదాలు.

జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి ఆమె తొడలో దింపాడు. తీసి మళ్లీ దింపాడు. రెండోసారి అది ఎముకకి తగిలి ఆగింది. ఆమె అరిచింది గానీ కాలు తియ్యలేదు. తీస్తే కారు పోతుంది. వాడు మూడోసారి ఎత్తిన చెయ్యిని దొరకబుచ్చుకుని, మణికట్టు దగ్గర, మిగిలిన పళ్లన్నిటితోనూ కొరికింది. స్క్రూడ్రైవరు జారిపడింది. వాడు తలుపు తియ్యబోయాడు. ఆమె వాడి జుట్టు గుప్పిటపట్టి వెనక్కి లాగి, స్టీరింగుకేసి కొట్టింది. హారను మోగింది. మళ్లీ కొట్టింది. మళ్లీ మోగింది.

తర్వాత ఎన్నిసార్లు మోగిందో వీధివాళ్లు లెక్కపెట్టలేదు. హారను విని వచ్చినవాళ్లు చూసి అక్కడే నిలబడిపోయారు. వాడు పారిపోయే ప్రయత్నం ఎప్పుడో మానేశాడు. చేతులు వేలాడుతున్నాయి. అయినా హారను ఆగలేదు.

"చచ్చిపోతాడే!" భర్త పరుగున వచ్చి తలుపు తీసి ఆమె భుజం పట్టి లాగాడు. బెల్టు ఉండటంతో ఆమె రాలేదు. "వదులు! నీ కాళ్లు పట్టుకుంటాను, వదలవే!"

ఆమె గుప్పిట విప్పడానికి ఆయన ఒక్కొక్క వేలూ తియ్యాల్సి వచ్చింది. వేళ్లమధ్య జుట్టు అలాగే ఉండిపోయింది. ఆయన ఆమె ముఖంలోకి చూసి, ఒక అడుగు వెనక్కి వేశాడు. పదకొండేళ్లుగా పక్కన కూర్చున్నవాళ్ల ప్రాణాలు కాపాడిన మనిషి ఆవిడ. ఇంకో నాలుగుసార్లయితే వీడి ప్రాణం తీసి ఉండేది. ఆ సంగతి ఇద్దరికీ తెలిసింది.

ఆసుపత్రిలో దొంగ దవడకి తీగ కట్టారు. బతుకుతాడన్నారు. ఆమె తొడకి పద్నాలుగు కుట్లు పడ్డాయి. కుట్లు వేస్తుండగానే అడిగింది: "కారెక్కడుంది?"

భర్త కళ్లజోడు తుడుచుకున్నాడు. "స్టేషనులో. కేసు సొత్తంట. కోర్టు చెప్పేదాకా ఇవ్వరంట."

నాలుగింటికి తాళాల మేస్త్రీ ఖాళీ వీధి చూసి వెళ్లిపోయాడు. అప్పటికి బ్రేకమ్మ భర్త భుజమ్మీద చెయ్యేసి స్టేషను ఆవరణలో కుంటుతోంది. అక్కడ గోడ పొడుగునా ఇంకో ఆరు కార్లున్నాయి. ఒక్కదానికీ చక్రాల్లేవు. మూడింటికి బ్యాటరీలూ లేవు, ఒకదానికి తలుపులే లేవు. ఏడోది ఆమె కారు, అన్ని అవయవాలతో కొత్తకోడలిలా నిలబడి ఉంది.

"వాటికేమైందండీ?" అనడిగింది ఎస్సైని.

"అవి అలాగే వచ్చాయమ్మా."

"చక్రాల్లేకుండా నడిచొచ్చాయా?"

ఎస్సై దగ్గాడు. "మీరు వాంగ్మూలం ఇచ్చేసి ఇంటికెళ్లి పడుకోండి. దీని పూచీ మాది."

"ఒక కుర్చీ ఇప్పించండి."

"ఎందుకు?"

పళ్లసందులోంచి గాలి పోయి మాటతోపాటు కొంచెం ఈల వచ్చింది. "కూర్చోడానికి."

కుర్చీ వచ్చింది. "ఎన్నాళ్లే?" అన్నాడు భర్త నీరసంగా. "కోర్టంటే నెలలు పడుతుంది."

"రాత్రికి దుప్పటి పట్రండి. రేపు పొద్దున మీ అమ్మని పంపండి, ఆవిడా మెట్టు మీద ఊరికే కూర్చుంటోంది."

ఆయన దుప్పటికి వెళ్లాడు. కాసేపటికి ఆవరణ వెనకనుంచి ఒకతను పెద్ద పానా చేత్తో ఊపుకుంటూ వచ్చాడు. ఏడో కారు దాకా వచ్చి, కుర్చీనీ, కట్టుకట్టిన కాలినీ, ఎండిన నెత్తుటి మరకల చీరనీ, చివరికి ఆ ముఖాన్నీ చూశాడు. దారి తప్పినట్టు తల గోక్కుని వెనక్కి తిరిగాడు.

బ్రేకమ్మ కుర్చీని చక్రం పక్కకి ఇంకో మూరెడు జరుపుకుంది.