విలువ రాయని గాజుముక్క

మైకు గుల్ల విప్పేసరికే ఆమెకు మెడ పట్టేసింది. అన్నయ్య రిపేరు కొట్టు వెనకగదికి కిటికీ లేదు. బల్లకూ గోడకూ మధ్య కుర్చీ పట్టేంత చోటే ఉంది. లేచినప్పుడల్లా భుజం తగిలి తగిలి అక్కడి గోడ నున్నబడిపోయింది.

అది పాతకాలపు కండెన్సర్ మైకు. ఒకప్పుడు వార్తలు చదివిన పెద్దాయన తెచ్చిచ్చాడు. మాట్లాడితే గురగుర తప్ప ఏమీ వినబడదు. లోపల అన్నీ గుర్తుపట్టింది, ఒక్కటి తప్ప. చిటికెనవేలి కణుపంత గాజుగొట్టం, రెండు చివర్లా తీగలు. మీద విలువ చెప్పే రంగుచారలు లేవు, అంకెలు లేవు. ఒక తీగ ఊడదీసి మీటరు పెడితే ఏమీ చూపించలేదు.

తడిక అవతల రేడియో బాగుచేస్తున్న అన్నయ్యకు చెప్పింది.

“కాలిపోయుంటుంది. తీసి పారేసి ఏదో ఒకటి వెయ్యి,” అన్నాడాయన.

ఏదో ఒకటి వెయ్యడం ఆమెకు చేతకాదు.

వదిన మంచాన పడిందంటే నాలుగు రోజులు సాయానికని వచ్చిన మనిషి. వదిన లేచి తిరిగింది, ఈమె ఉండిపోయింది. వెళ్తానన్నప్పుడల్లా అన్నయ్య కాదనలేదు. పలక్కుండా పని చేసుకునేవాడు, అంతే. దాంతో ఆమె పెట్టె మళ్ళీ అటకెక్కేది. ఇప్పుడు పక్క ఊళ్ళో స్నేహితురాలు రిపేరు కొట్టు పెట్టి, వీధివైపు బల్ల నీదేనంది. ఇవాళ చెప్పెయ్యాలని పొద్దున్నుంచీ మాటలు కూడబలుక్కుంటోంది.

మధ్యాహ్నం ఒక ఉపాయం తట్టింది. బ్యాటరీకి ఆ గాజుముక్కనూ మీటరునూ ఒకదాని వెనక ఒకటి కలిపి వోల్టులు చూసింది. అంకె గంతులేసింది. గాజుని స్పిరిట్‌తో తుడిచి మళ్ళీ చూసింది. ఈసారి అతి చిన్న అంకె, కానీ కదలకుండా నిలబడింది.

“అన్నయ్యా, ఇది కాలిపోలేదు. రెసిస్టరే. కరెంటుని పోనిచ్చీ పోనివ్వనట్టు పోనిస్తుంది, అందుకే మీటరుకి అందలేదు. పైన చెమ్మ పట్టి గురగురలాడింది.”

ముఖం చూస్తే నోరు పెగలదని తడిక వైపు తిరిగే మిగతాదీ అనేసింది.

“వచ్చే నెల నేను వెళ్ళిపోతున్నాను. ఈసారి ఆగను.”

అవతల రేడియో సన్నగా పాడుతోంది. అన్నయ్య పలకలేదు. అయినా ఆమె మాట వెనక్కి తీసుకోలేదు. ముక్కని అతికించి, గుల్ల బిగించి, స్పీకరుకు కలిపి “ఒకటి, రెండు” అంది. తన గొంతే కొట్టంతా ఖంగున మోగింది. అప్పుడూ అన్నయ్య పలకలేదు.

లేచి ముందుకొచ్చింది. ఆయన కుర్చీలో తల ఓ పక్కకు వాల్చి ఉన్నాడు. నిద్రపోతున్నాడనుకుని భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి తీయడానికి చాలాసేపు పట్టింది. విన్నాడో, వినకముందే పోయాడో.

మేడ మీంచి వదిన, మీ అన్నయ్యకి టీ పెట్టనా అని అడిగింది.

“నువ్వోసారి కిందికి రా వదినా,” అంది ఆమె. అంటూ ఉండగానే తెలిసిపోయింది, వచ్చే నెల తను ఎక్కడికీ వెళ్ళదని.

బల్ల మీద ఆయన సోల్డరింగ్ ఐరన్ ఇంకా కాలుతూనే ఉంది, మొన మీద గడ్డకట్టని సీసపు బొట్టుతో.