క్లాప్‌కు ముందు ఎనిమిది సెకన్లు

కాలేజీలో ఆ అమ్మాయిని అందరూ కత్తెర అంటారు. ఎడిటింగు చేస్తుంది గనక ఆ పేరు వచ్చింది గానీ, ఆ పిల్ల మాటలూ అలాగే ఉంటాయి. పనికొచ్చేంత ఉంచి మిగతాది కోసేస్తుంది. చేరిన మొదటిరోజు ఎవరి సంగతి వాళ్ళు చెప్పుకోమన్నప్పుడు, "మా అమ్మ ఆసుపత్రిలో పనిచేస్తుంది" అని ఊరుకుంది. పక్కనున్నవాడు "నర్సా?" అన్నాడు. కత్తెర అవుననలేదు, కాదనలేదు. అంతే, జీవితంలో సూది పట్టి ఎరగని ఆ తల్లి ఆ పూట నర్సయిపోయింది.

తల్లి పనిచేసేది ఆసుపత్రి లాండ్రీలో. కింది అంతస్తులో, కిటికీలు లేని పెద్ద హాలు. ఓ పక్క మనిషి పట్టేంత డ్రమ్ములున్న మిషన్లు, మరో పక్క పొడవాటి బల్ల. వార్డుల నుంచి వచ్చిన దుప్పట్లు ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి, ఆ బల్ల మీద మడతలు పెట్టి పైకి పంపాలి. బ్లీచింగు నీళ్ళకి ఆమె వేళ్ళ చివర చర్మం పగిలి, మళ్ళీ అతుక్కుని, మళ్ళీ పగులుతూ ఉంటుంది.

రెండేళ్ళపాటు ఆ అబద్ధం ఎవరికీ అపకారం చెయ్యకుండా ఓ మూల పడి ఉంది. అబద్ధాలతో వచ్చిన చిక్కే అది. తిండి పెట్టకపోయినా బతుకుతాయి.

రెండో ఏడాది చివర ప్రాజెక్టు ఇచ్చారు. ముగ్గురేసి జట్టుగా ఏర్పడి ఒక పాటకు వీడియో తియ్యాలి. దాంతోపాటు పోస్టరు, డిస్కు కవరు, పత్రికలో వేసేలాంటి ప్రకటన కూడా చెయ్యాలి. మూడింటి మీదా ఒకే ముఖం ఉండాలని మేడమ్ షరతు. ఈ మార్కుల మీదే పై కోర్సులో సీట్లు. ఎడిటింగుకు ఉన్నవి ఆరే సీట్లు. ఆ ఆరింట్లో ఒకటి దొరక్కపోతే చదువు అక్కడితో ఆగిపోతుందనీ, తరవాత తనకూ ఏదో ఒక బల్ల ముందు నిలబడే ఉద్యోగమే గతి అనీ కత్తెర భయం.

జట్టులో మిగతా ఇద్దరూ కెప్టెన్, స్టాండు. స్టాండు అనే అమ్మాయి కెమెరా మనిషి. కెమెరా స్టాండు భుజాన వేసుకోకుండా ఆమె క్యాంటీనుకైనా వెళ్ళదు. కెమెరా ఆన్ చేసిందంటే ఆపడం కూడా ఆమెకు చేతకాదు, కార్డు నిండేదాకా అది తిరుగుతూనే ఉంటుంది. కెప్టెన్ దర్శకుడు. ఒక్క షాటు తియ్యకముందే పోస్టరు మీద తన పేరు ఏ సైజులో ఉండాలో తేల్చేశాడు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

పాట సంగీతం క్లాసులో కుర్రాడు కట్టింది. రానివాళ్ళ కోసం ఎదురుచూసే ఒక ఆడమనిషి గురించి. కెప్టెన్ కళ్ళు మూసుకుని, "తెల్ల దుప్పట్లు. ఆవిరి. మధ్యలో ఒక్క మనిషి" అన్నాడు. కళ్ళు తెరిచి కత్తెర వైపు తిరిగాడు.

"మీ అమ్మగారు ఆసుపత్రిలో నర్సే కదా. లాండ్రీకి పర్మిషన్ అడగవా?"

కుదరదని ఒక్క మాట అనేస్తే పోయేది. కత్తెరకు సీటు గుర్తొచ్చింది. "అడుగుతాను" అంది.

ఇంట్లో అడిగితే తల్లి ముఖం వెలిగిపోయింది. సూపర్‌వైజర్ని తనే బతిమాలుకుని, ఆదివారం మధ్యాహ్నం మిషన్లు ఆపినప్పుడు రెండు గంటలు ఇప్పించింది.

"నువ్వు రానక్కర్లేదమ్మా. తాళం ఎవరిదగ్గరైనా పెట్టు చాలు, మేం చూసుకుంటాం."

"బాగుంది. నేను పనిచేసే చోటికి నీ స్నేహితులొస్తుంటే నేను లేకపోతే ఎలాగే?"

ఆదివారం నాడు తల్లి ముందే వెళ్ళి మిషన్ల మూతలన్నీ తుడిచి, మంచి బట్టలు కట్టుకుని, బల్ల దగ్గర మిగిలిపోయిన దుప్పట్లు మడతపెడుతూ నిలబడింది. ముగ్గురూ సామానుతో దిగారు. పరిచయం చేస్తుంది కదా అని తల్లి తలెత్తి చూసింది. కత్తెర ప్లగ్గు ఎక్కడుందో వెతుక్కుంటోంది.

నటించాల్సింది కెప్టెన్ పిన్ని. ఆవిడ సరిగ్గా అప్పుడే ఫోను చేసి ఒంట్లో బాగాలేదంది. కెప్టెన్ తల పట్టుకుని కూర్చున్నాడు. స్టాండు మాత్రం వెలుతురు చూసుకుంటూ కెమెరాను బల్ల వైపు తిప్పి, అలవాటు కొద్దీ ఆన్ చేసేసింది. ఆ కెమెరా స్క్రీనులో తల్లిని చూసి కెప్టెన్ లేచాడు.

"ఎవరావిడ? నీకు తెలుసా?"

బల్ల నాలుగడుగుల దూరంలో ఉంది. మిషన్లు ఆగిపోయిన ఆ హాల్లో సూది పడితే వినిపిస్తుంది.

"ఇక్కడ పనిచేసే ఆవిడ" అంది కత్తెర. "మా అమ్మకి తెలుసు. నాకు అంతగా తెలీదు."

ఆ మాట ఎలా వచ్చిందో ఆ పిల్లకే తెలియదు. పిరికివాళ్ళ నోటికి ఉండే చురుకు ధైర్యవంతుల నోటికి ఉండదు.

తల్లి చెయ్యి దుప్పటి మీద ఆగింది. తరవాత మడత పూర్తి చేసింది. కెప్టెన్ దగ్గరకెళ్ళి, "ఆంటీ, మా వీడియోలో కాసేపు నిలబడతారా?" అని అడిగితే, "దానిదేముంది బాబూ" అంది. కూతురి వైపు తిరిగి, "మీరు ఎక్కడ నిలబడమంటే అక్కడ నిలబడతానండి" అంది.

కన్నకూతుర్ని మీరు అంది. కత్తెర వేలితో నేల మీద ఒక చోటు చూపించింది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేదాకా పది సాకులు తయారుచేసుకుంది. ఒక్కటీ ఖర్చు కాలేదు. "పిల్లలు మర్యాదస్తులు" అని మాత్రం అని తల్లి స్టవ్వు వెలిగించింది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఆవిడకు తెలుసు.

ఎడిటింగు గది ఇరుకు. ఆరు కంప్యూటర్లు, చక్రాలు ఊడిన కుర్చీలు. పాట వీడియోలకు ఒక పద్ధతి ఉంది. షాటు మొదట్లో ఒకరు క్లాప్ కొడతారు. కెమెరాలో రికార్డయిన ఆ చప్పుడు పట్టుకుని, అక్కణ్ణించి అసలు పాటను జతచేసి, కెమెరా శబ్దం మొత్తం తీసేస్తారు. అందుకని ఎడిటరు ఒక్కరే ఆ శబ్దం వింటారు. కత్తెర హెడ్‌ఫోన్లు పెట్టుకుని క్లాప్ కోసం వెతుకుతుంటే తన గొంతే వినిపించింది.

"మా అమ్మకి తెలుసు. నాకు అంతగా తెలీదు."

తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా కూర్చుంది. చుట్టూ ఎవరూ వినలేదు, వినే వీలు లేదు. ఆ ఫైలు తీసి పక్కన పడేసి మిగతావి చూసింది. కెప్టెన్ చెప్పినట్టు తల్లి నడిచినవి, తలుపు వైపు చూసినవి, నిట్టూర్చినవి. ఇరవై నిమిషాల సరుకు. ఒక్కటీ పనికిరాదు. గుర్తింపు కార్డుకి ఫోటో దిగుతున్నట్టు బిగుసుకుపోయి ఉంది ఆవిడ. ఎంత కోసినా అతికినా అందులో ఎదురుచూపు లేదు, ఏమీ లేదు. ఈ సరుకుతో సీటు రాదు.

పక్కన పడేసిన ఫైలు మళ్ళీ తెరిచింది. ఊరికే చూద్దామని. శబ్దం తీసేసి చూసింది. చెయ్యి ఆగుతుంది. ముఖం పైకి లేస్తుంది. కెమెరా పక్కన ఉన్న మనిషిని చూస్తుంది. ఏదో అడగబోయినట్టు పెదవి కదిలి, అడగదు. తరవాత చిన్న నవ్వు, అవతలి మనిషికి ఇబ్బంది కలగకూడదన్నట్టు. ఎనిమిది సెకన్లు. పాట చివరి చరణం కింద పెడితే కొలిచినట్టు సరిపోయింది.

ఒంటిమీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. అమ్మ ముఖమని కాదు, మంచి షాటని. అదీ ఆ పిల్ల చేసిన పాపం. లాండ్రీలో అన్న మాట పొరపాటు అనుకున్నా క్షమించొచ్చు. ఇది తీరిగ్గా కూర్చుని, మౌసు పట్టుకుని, ముందూ వెనకా సరిచూసుకుని చేసింది.

కెప్టెన్ చూసి కుర్చీలోంచి లేచిపోయాడు. "ఇదే! పోస్టరూ ఇదే, కవరూ ఇదే!"

పోస్టరు కూడా కత్తెరే చెయ్యాలి. వెనకున్న మిషన్లు తీసేసి ముఖం ఒక్కటే ఉంచాలంటే జుట్టు చుట్టూ చుక్క చుక్కగా గీత గియ్యాలి. చెవి దగ్గర నెరిసిన వెంట్రుకల చుట్టూ గీతకే గంట పట్టింది. ఇంట్లో ఒక్కసారైనా ఆ జుట్టు అంత దగ్గరగా చూసిన జ్ఞాపకం లేదు. కింద ఏం రాయాలో కెప్టెనే చెప్పాడు. "ఈమె ఎవరో మీకు తెలుసా?" ఆ ప్రశ్న కత్తెర తన చేత్తోనే టైపు చేసి, అక్షరాలు లావు చేసి, మధ్యకు సర్దింది. కాలేజీ గోడల నిండా, మెట్ల మలుపుల్లో, క్యాంటీను తలుపు మీద తల్లి ముఖమే.

ప్రదర్శన రోజున కెప్టెన్ తనంతట తనే లాండ్రీకి వెళ్ళి ఆవిణ్ణి పిలుచుకొచ్చాడు. మంచివాడే పాపం. చుట్టచుట్టిన పోస్టరు కూడా చేతిలో పెట్టాడు. వీడియో అయిపోయాక హాల్లో చప్పట్లు ఆగలేదు. ఆ ముఖభావం ఎలా రాబట్టావని మేడమ్ అడిగితే, చనిపోయిన వాళ్ళెవర్నైనా తలచుకోమన్నానని కెప్టెన్ చెప్పాడు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుంది.

"ఆ షాటు ఎక్కడ పెట్టాలో తెలిసిన చెయ్యి ఎవరిదో, వాళ్ళకి సీటు ఇవ్వడానికి నాకు ఆలోచన అక్కర్లేదు" అంది మేడమ్. అందరూ కత్తెర వైపు తిరిగారు. మేడమ్ తల్లిని వేదిక మీదికి పిలిచి మైకు ఇచ్చింది.

"నిజంగా ఎవర్ని తలచుకున్నారమ్మా అప్పుడు?"

తల్లి మైకును రెండు చేతులతో పట్టుకుంది. "ఎవర్నీ తలచుకోలేదండి. ఒకమ్మాయి ఏదో అంటే విన్నాను."

"ఏ అమ్మాయి?"

కత్తెర గోడ పక్కన, ప్రొజెక్టరు దగ్గర నిలబడి ఉంది. ఇప్పుడు వెళ్ళి తల్లి పక్కన నిలబడితే అయిపోయేది. హాలు మధ్యలోంచి దారి ఖాళీగానే ఉంది. సీటు అన్న మాట ఇంకా చెవిలో చల్లారలేదు. వంగి ప్రొజెక్టరు వైరు సర్దడం మొదలుపెట్టింది.

తల్లి హాలంతా ఒకసారి చూసింది. ప్రొజెక్టరు దగ్గరా చూపు ఆగింది, మరీ ఎక్కువసేపు కాదు.

"గుర్తులేదండి. అందరూ ఒకలాగే ఉన్నారు" అంది. హాలు హాయిగా నవ్వింది.

బయటికొచ్చాక, "మీ ఇంటి వైపేనట, ఆంటీని బస్సు ఎక్కించు" అని కెప్టెన్ పురమాయించి పోయాడు. ఎండ ఇంకా ఉంది. ఇద్దరూ స్టాపు దాకా నడిచారు.

"అమ్మా, రేపు అందరికీ చెప్పేస్తాను."

"ఏమని?"

"నువ్వు మా అమ్మవని."

"చెప్పు. ఆ బొమ్మ ఎలా వచ్చిందని అడుగుతారు. అదీ చెబుతావా?"

అది ఏ క్షణంలోదో తల్లికి తెలియదనే కత్తెర అంతదాకా అనుకుంది.

"గోడ మీద చూడగానే తెలిసింది" అంది తల్లి. గొంతు పెంచలేదు. "నువ్వన్న మాటకి బాధ లేదే. మా నాన్న ఎదురైతే నేనూ వీధి మారిన దాన్నే. చిన్నతనంలో సిగ్గులుంటాయి. కానీ నా ముఖం అలా అయిపోవడం నువ్వు మళ్ళీ చూశావు. చూసి, బాగుందని ఏరుకున్నావు. అది నాకు అర్థం కావడం లేదు."

"అమ్మా, సీటు కోసం..."

"వచ్చింది కదా. బాగా చదువుకో."

చేతిలో ఉన్న పోస్టరు కూతురికిచ్చింది. "ఇది నీ దగ్గరే ఉంచు. ఇంట్లో పెడితే ఎప్పుడు తీశారని ఇరుగుపొరుగు అడుగుతారు. నాకు నీలాగా అప్పటికప్పుడు మాట అందదు."

బస్సు వచ్చింది. తల్లి ముందు ఎక్కి ఒక్క టికెట్టే తీసుకుంది.