రసమట్టం నేర్చుకున్న వాటం

నేను ఒక రసమట్టాన్ని. రెండడుగుల అల్యూమినియం బద్ద, నడుమ గాజు గొట్టం, అందులో పచ్చటి రసం, ఆ రసంలో ఒక గాలిబుడగ. బుడగ రెండు గీతల మధ్య నిలిస్తే నేల చదునుగా ఉన్నట్టు, పక్కకు జరిగితే ఒంకరగా ఉన్నట్టు. నా చదువు ఇంతే. ఈ కాస్త చదువు చూసుకునే నేను మిడిసిపడ్డది ఇంతా అంతా కాదు.

ఏదో ఫ్యాక్టరీలో పుట్టి, పాలకొల్లులో ఒక ఇనుప సామాన్ల కొట్టుకు చేరాను. అక్కడ సత్తిరాజు మేస్త్రి నన్ను ఏరుకున్నాడు. పంతొమ్మిదేళ్లు ఆయన సంచిలో తాపీతోనూ తూకం గుండుతోనూ కాపురం చేశాను. ఆయన ఒక కన్ను మూసి చూశాడంటే గోడలో వెంట్రుకవాసి తేడా కూడా దొరికిపోయేది. ఇంటివాళ్ల తృప్తి కోసమే నన్ను బయటికి తీసేవాడు. నాకు ఒళ్లు మండేది.

మోకాళ్లు అరిగి పని మానేశాక, ఆయన నన్ను కూతురు నాగవేణికి ఇచ్చేశాడు. ఆమె చిన్నప్పుడు తాపీ పట్టుకుంటానంటే, ఆడపిల్లకి సిమెంటు పనేంటని లాగేసుకునేవాడట. ఆ బాధ ఆమెకు ఇంకా పోలేదు. నరసాపురంలో పాత ఇల్లు కొని, వెనక వసారాలో కూరలు వండి అమ్మే కొట్టు పెట్టాలనుకున్నప్పుడు, గోడలూ నేలా తన చేత్తోనే బాగుచేసుకుంటానని పట్టుబట్టింది. అది చూసి నాన్న ఒక్కసారి బాగుందనాలి. ఆమెకు కావలసింది అదే.

ఆమె మొగుడు త్రిమూర్తులు స్కూల్లో డ్రిల్లు మాస్టారు. వరస తప్పితే పిల్లల్నే వదలనివాడు, గోడల్ని వదులుతాడా? ముందు గోడలు గీకారు. నీలం రంగు కింద గులాబీ, గులాబీ కింద పచ్చ, దాని కింద ఉప్పు పట్టిన సున్నం. పెచ్చులన్నీ రాలగొట్టి, సిమెంటు మెత్తి, పుట్టీ పెట్టారు. మొదటి గోడ దోసెలా వచ్చింది. మూడో గోడకి నాగవేణి చెయ్యి తిరిగింది.

త్రిమూర్తులుకి నేను తెగ నచ్చేశాను. బల్ల మీద పెట్టాడు, బీరువా మీద పెట్టాడు. చివరికి మంచం మీద కూడా పెట్టి, ఇన్నాళ్లూ తల పల్లంలో పెట్టుకుని పడుకున్నామని తేల్చాడు. ఆ తర్వాత వసారా నేల మీద పెట్టాడు. నా బుడగ ఒక కొసకి పరిగెత్తింది. పాతకాలం వాళ్లకి పని రాదని ఆయన తీర్మానించాడు. నేనూ తందానా అన్నాను. మొగుడూ పెళ్లాం కలిసి పాత గచ్చు పగలగొట్టారు. నాగవేణి నాలుగు రోజులు నడుం ఎత్తకుండా టైల్స్ పరిచింది. ప్రతి టైలు మీదా నా బుడగ నడిమధ్య నిలిచింది. నా సంతోషం ఏం చెప్పను!

మర్నాడు ఆదివారం. కొట్టు తెరవడం ఆ పై గురువారం. ఆ ఆదివారం పొద్దున్నే పని చూడ్డానికి సత్తిరాజు వచ్చాడు. గోడలు నిమిరాడు. నేల కేసి ఒక కన్ను మూసి చూసి, చెంబుడు నీళ్లు తెమ్మని మధ్యలో పోశాడు. నీళ్లు కదలలేదు. వసారా కడిగితే నీళ్లు వెనక గోడ తూములోకి పోవడానికి పాత నేలకి వాటం పెట్టారు. ఆ వాలునే మేం ఒంకర అనుకుని చదును చేసేశాం. రోజూ గంజి వార్చి కడిగే చోట నీళ్లు నిలిస్తే ఇంకేముంది, కాలు జారడమే.

నాగవేణి ముఖం మాడిపోయింది. మట్టం పెట్టే చేశాను కదా నాన్నా, అంది. నాకు తల కొట్టేసినట్టయింది.

"దానికేం తెలుసమ్మా, నీళ్లు ఎటెళ్లాలో? అది నువ్వు చెప్పాలి," అన్నాడు సత్తిరాజు.

ఒక పెన్సిలు ముక్క తీసి, తూము వైపున్న నా అంచు కింద పెట్టి గుడ్డపీలికతో కట్టాడు. ఇప్పుడు బుడగ మధ్యకొస్తే నేల సరిపడా వాలినట్టు. పంతొమ్మిదేళ్ల సర్వీసులో ఆ కిటుకు నాకెప్పుడూ చెప్పలేదు, ఆయన కన్నుండగా నాతో పనేముంది! టైల్స్ ఊడదీశారు, తొమ్మిది పగిలాయి. సత్తిరాజు స్టూలు మీద కూర్చున్నాడు. తాపీ ముట్టుకోలేదు. మళ్లీ మొత్తం నాగవేణే పరిచింది.

గురువారం కొట్టు తెరిచారు. వసారా కడిగితే నీళ్లు చక్కగా తూము దారి పట్టాయి. వంకాయ కూరకొచ్చిన పక్కింటి కాంతమ్మగారు అది చూసి ముచ్చటపడింది. తన వంటగది కూడా ఇలాగే చెయ్యాలని, ఎప్పుడొస్తారని సత్తిరాజునడిగింది.

"నన్నడుగుతారేంటండీ? మేస్త్రిగారు అదిగో, లోపల గోంగూర వేయిస్తున్నారు. ఖాళీ ఉందో లేదో ఆవిణ్ణే అడగండి," అన్నాడాయన.

నాగవేణి గరిటె పట్టుకునే బయటికొచ్చింది. కొంగుతో కళ్లు తుడుచుకుని, మీ వంటగదికి తూము ఎటువైపుందండీ అని అడిగింది.