ఎత్తుది, పొట్టిది

నొప్పి ముందు వచ్చిందా, బండి ముందు వచ్చిందా అన్నది నాలుగేళ్లుగా నాకు తేలని సంగతి. డాక్టరుగారిని అడిగితే, "ఇప్పుడది తెలుసుకుని ఏం చేస్తారండీ" అన్నారు. పాస్టరుగారిని అడిగితే ప్రార్థన చేద్దామన్నారు. ఇద్దరూ మంచివాళ్లే. నా ప్రశ్న మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.

మాది దర్శి. పత్తి మిల్లులో కాటా దగ్గర నా పని. పదో తరగతితో నా చదువు ఆగింది. నా భార్య సువార్త ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. చదువులోనూ పొడుగులోనూ నాకంటే ఎక్కువే. మాకు పిల్లలు లేరు. ఆదివారం గుడి, బుధవారం ఉపవాస ప్రార్థన, మిగతా రోజులు ఆమెకు బడి, నాకు మిల్లు. ఇరవై తొమ్మిదేళ్లు అలాగే గడిచాయి.

సువార్తకు ఒక్కతే అక్క, దయామణి. హుబ్బళ్లిలో నర్సుగా చేసి అక్కడే స్థిరపడింది. ఆవిడ మా ఇంటికి ఆరుసార్లు వచ్చింది. మేం ఒక్కసారి కూడా వెళ్లలేదు. తిరిగి వెళ్లేటప్పుడల్లా గుమ్మంలో నిలబడి, "మా గడపకి మీ రాక బాకీ ఉంది మరిదీ, మర్చిపోమాక" అనేది.

రైల్లో వెళ్దామంటే సువార్త ఒప్పుకునేది కాదు.

"రైలైతే రాత్రి ఎక్కి కళ్లు మూసుకుని పొద్దున దిగడమేగా. నేను దారి చూడాలండీ. నల్లమల ఇక్కడ, తుంగభద్ర ఇక్కడ అని పిల్లలకి మ్యాపులో చూపించి చూపించి నా వేలు అరిగిపోయింది. ఒక్కసారన్నా అక్కడ నేనుండాలి."

అందుకే బండి కొందామనుకున్నాం. కరోనా తగ్గిన ఏడాది జులైలో గుంటూరు షోరూముకి వెళ్లాం. మా వీధి మెకానిక్కు జాన్ బాషాను కూడా తోడు తీసుకెళ్లాం. అక్కడ రెండు బళ్లు మా బేరానికి వచ్చాయి.

"ఇది టూరర్ అండి, దూరాలకి. అది క్రూజర్, దర్జాకి" అన్నాడు షోరూం ఆయన.

సువార్తకు ఆ పేర్లు నోరు తిరగలేదు. ఎత్తుది, పొట్టిది అంది. మాకు అవే పేర్లయ్యాయి.

ఎత్తుదాని వెనక సీటు మీద ఎక్కి కూర్చుని చిన్నపిల్లలా సంబరపడింది. "సోఫాలా ఉంది జాన్ బాషా! ఆనుకోడానికి వెనక పెట్టె కూడానా!"

"ఆనుకుని నిద్రపోమాకండి టీచరమ్మా. సారు వెనక్కి తిరిగి చూసుకునేసరికి మీరు గిద్దలూరులో పడి ఉంటారు" అన్నాడు జాన్ బాషా.

ఆమె దిగింది, నేను ఎక్కాను. మునివేళ్లు మాత్రమే నేలకు తగిలాయి. స్టాండు తీయగానే బండి కుడిపక్కకు ఒరిగింది. ఇద్దరూ చెరోపక్క పట్టుకున్నారు.

"దీంతోపాటు స్టూలేమన్నా ఇస్తారా అండీ?" అంది సువార్త.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

తర్వాత పొట్టిదాని మీద కూర్చున్నాను. రెండు పాదాలూ నిండుగా నేల మీద ఆనాయి. దాని వెనక సీటు మాత్రం అరచేయంత ఉంది, అదీ వెనక్కి జారుడుగా. సువార్త పక్కకు తిరిగి కూర్చుని చూసింది. "దీని మీద నేను సగమే వస్తా. మిగతా సగం బస్సులో రావాలి" అంది.

ఆ పూటే ఎత్తుది తీసుకుందామని నేననాల్సింది. నాకు కాళ్లందడం లేదు, భయంగా ఉంది అనైనా అనాల్సింది. రెండూ అనలేదు. "ప్రార్థన చేసి చూద్దాం" అన్నాను.

మా ఇంట్లో ఏ సంగతైనా తేలకపోతే చీటీలు వేస్తాం. మా నాన్న కాలం నుంచీ అంతే. ప్రార్థన చేసి చీటీలు ఒడిలో వేస్తే, వచ్చిందే దేవుడి మాట. దాని మీద ఇక ఎదురు మాట్లాడకూడదు. ఆ సాయంత్రం సువార్త కూరగాయలు తరుగుతుంటే చీటీలు నేనే రాశాను. మొదటిదాని మీద పొట్టిది అని రాశాను. రెండోది చేతిలో పట్టుకుని కాసేపు కూర్చున్నాను. దాని మీద కూడా పొట్టిది అనే రాశాను.

సువార్త మోకరించి చాలాసేపు ప్రార్థన చేసింది. కళ్లు మూసుకునే చీటీ తీసింది. విప్పి చదివింది. ఆమె ముఖంలో ఏదో వచ్చి వెళ్లిపోయింది. "సరే, ఆయనకి తెలుసు" అని చీటీని కళ్లకద్దుకుంది. రెండోది నేను పొయ్యిలో వేశాను. నా అబద్ధం సరే, నాది మనిషి బుద్ధి. తన పేరు మీద జరుగుతుంటే దేవుడు ఎందుకు ఊరుకున్నాడో, సువార్త చేతిని ఎందుకు ఆపలేదో నాకు ఇప్పటికీ తెలియదు.

హుబ్బళ్లికి మూడుసార్లు బయల్దేరాం. మొదటిసారి మార్కాపురం వెళ్లేసరికి నడుం పట్టేసిందని దిగింది. రెండోసారి కంభం దాకా వెళ్లి వెనక్కి వచ్చాం. మూడోసారి పొదిలిలోనే ఆపమంది. టీ కొట్టు ముందు బల్ల మీద కూర్చుని అక్కకు ఫోన్ చేసింది.

"దేవుడు సెలవివ్వడం లేదక్కా. నన్ను రావద్దంటున్నాడు."

ఫోన్లోంచి దయామణి కేకలు నాకూ వినపడ్డాయి. "నీ దేవుడు బండి సీటు కింద కూర్చున్నాడటే? రైలెక్కి రావే మొద్దూ!"

సువార్త మాత్రం రైలు మాట కూడా మళ్లీ ఎత్తలేదు. వద్దన్నవాడు బండి మీదైనా రైల్లోనైనా వద్దన్నట్టేగా అనేది.

బండి ఎక్కని రోజుల్లోనూ నొప్పి రావడం మొదలైంది. బండి వల్లే అనుకున్నాం. బామ్ రాశాను, ఇసుక కాపడం పెట్టాను. ఇంకో సీటు వేయించమంటే జాన్ బాషా మెత్తటిది కుట్టించి తెచ్చాడు. అలా పదకొండు నెలలు పోయాయి. గుంటూరు ఆసుపత్రిలో ఫోటోలు తీసి, క్యాన్సర్ వెన్నెముకలోకి వచ్చేసిందన్నారు.

"నొప్పి ఎప్పటి నుంచమ్మా?" అని డాక్టరుగారు అడిగారు.

"బండి కొన్నప్పటి నుంచండి" అంది సువార్త. నా వైపు తిరిగి, "ఏవండీ, అంతేగా?" అంది.

అంతేనన్నాను.

ఎత్తుది కొని ఉంటే, ఆ మెత్తటి సీటు మీద కూడా నడుం నొప్పి పుడితే, ఇదేదో వేరే అని మొదటి నెలలోనే పరుగెత్తేవాళ్లం. లేకపోతే అప్పటికే చేయి దాటిపోయి ఉండేదేమో. ఏదీ తేలదు.

ఆసుపత్రిలో ఒక మధ్యాహ్నం, మందు నీళ్లు ఎక్కుతుండగా, "నేనేం తప్పు చేశానండీ? అక్క ఇంటికి కూడా పోనివ్వనంత కోపం ఆయనకి నా మీద ఎందుకు?" అంది. ఇక నేను ఉండబట్టలేకపోయాను. చెప్పేశాను.

ఆమె నా వైపు తిరిగింది.

"రెండిటి మీదా అదేనా?"

"అదే."

"ఆ స్టూలు మాటకేనా?"

అవునన్నాను.

"అందరి ముందు అన్నాను, తప్పే. కానీ కాళ్లందడం లేదని నువ్వు ఇంటికొచ్చి నాతో చెబితే, ఇంకోసారి నవ్వి, పొట్టిదే కొనమనేదాన్ని. రైల్లో పోయేదాన్ని మా అక్క దగ్గరికి." ఇన్నేళ్లలో ఆమె నన్ను నువ్వు అనడం అదే మొదలు. "ఎంత బరువుగా మోశాను నేను, దేవుడు వద్దన్నాడన్న మాట. నువ్వు పక్కనే ఉండి మోయనిచ్చావు."

గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ రోజంతా నేను కలిపిన మజ్జిగ తాగలేదు. మర్నాడు పొద్దున నర్సు దుప్పటి మారుస్తుంటే, ఎవరితోనో కాదు, తనలో తనే అంది. "అయితే ఆయన నన్ను వద్దనలేదు."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖం తేటగా ఉంది. నన్ను తిట్టి ఉంటే తట్టుకునేవాణ్ణి.

పది రోజులకు పోయింది. పోయేముందు మళ్లీ మీరు అనే పిలిచింది. "అక్క బాకీ మీరే తీర్చండి. పగలు వెళ్లండి, దారి చూసుకుంటూ" అంది.

సమాధి చేసిన రోజు దయామణి వచ్చి ఏడ్చి వెళ్లింది. ఆ రోజు గడప మాట, బాకీ మాట ఏదీ ఎత్తలేదు. నేనూ ఏమీ చెప్పలేదు. రెండేళ్లు బండి షెడ్డులో గుడ్డ కప్పుకుని నిలబడింది. మొన్న డిసెంబరులో దాన్ని బాగుచేయించడానికి జాన్ బాషా దగ్గరకు తోసుకెళ్లాను. అక్కడ ఎవరిదో ఎత్తు బండి ఉంది. దాని మీద వచ్చినాయన నాకంటే పొట్టి.

"ఆయనకి కాళ్లెట్టా అందుతాయి జాన్ బాషా?" అని అడిగాను.

"రెండూ అందక్కర్లా సార్. కొంచెం ఒక పక్కకి జరిగి ఒక్క కాలు ఆనిస్తే చాలు. సీటు కూడా ఓ రెండంగుళాలు దించుకోవచ్చు. ఏంది, అది కూడా తెలవదా?"

"ఆ రోజు చెప్పలేదేం?"

"మీరు అడగలేదుగా సార్. టీచరమ్మ చెప్పింది, దేవుడు చెప్పాడంట పొట్టిదే అని. దేవుడి మాట మీద నేనేం మాట్లాడతా?"

పొట్టిదాని మీదే బయల్దేరాను. వెనక సీటు మీద ఎండుమిరపకాయల సంచి కట్టాను, అక్కడి కాయలు కారం ఉండవని దయామణి ఎప్పుడూ అనేది. గిద్దలూరు దాటాక నల్లమల మొదలైంది. మలుపు మలుపుకీ ఆపి, చూశాను. ఎవరికి చూపించాలో తెలియక మళ్లీ ఎక్కాను. బళ్లారిలో ఆ రాత్రి ఆగి, మర్నాడు హొసపేట దగ్గర తుంగభద్ర చూశాను. నాలుగింటికి హుబ్బళ్లి చేరాను.

దయామణి తలుపు తీసి, నన్నూ నా వెనక బండినీ చూసింది.

"ఈ బండేనా?"

"ఈ బండే వదినా."

"లోపలికి రా మరిదీ."

"ఒక మాట చెప్పాలి. లోపలికొచ్చాక చెబితే మర్యాదకు మీరేమీ అనలేరు" అని, గుమ్మం బయటే నిలబడి, రెండు చీటీల సంగతి మొత్తం చెప్పాను.

ఆవిడ తలుపు పట్టుకుని విన్నది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పొదిలి నుంచి ఫోన్ చేసినప్పుడు దాన్ని మొద్దన్నాను" అంది. "నా చెల్లెల్ని ఆఖరుసారి గట్టిగా తిట్టింది అదే."

వీధిలో ఎవరో కన్నడంలో కూరగాయలు అమ్ముకుంటూ వెళ్లారు. ఆ కేక దూరమయ్యాక ఆవిడ కొంగు దించింది.

"నిన్ను క్షమించడం నా పని కాదు. అది దానిదీ, దేవుడిదీ. నా దగ్గర నీకున్నది రాక బాకీ ఒక్కటే." ఆవిడ పక్కకు జరిగి దారి ఇచ్చింది. "చెప్పులు విప్పి రా."

చెప్పులు విప్పి, గడప దాటి లోపలికి వెళ్లాను.