నూకాలమ్మ అన్న మాట

మా ఆయన బాలశౌరి తొమ్మిదేళ్ళు ఇక్కడ జంషెడ్‌పూర్‌లో తెలుగువాళ్ళు నడిపిన మాసపత్రికకు సంపాదకుడు. చదివేవాళ్ళకంటే రాసేవాళ్ళు ఎక్కువైపోయి ఆ పత్రిక అరవై ఒకటిలో ఆగిపోయింది. ఆయన ఒక నొప్పుల నూనె కంపెనీ ప్రచార విభాగంలోకి మారారు. అక్కడ టై కట్టుకోవాలి. మొదటి వారం నేనే కట్టాను. బి.ఏ.లో అది నేర్పలేదు గనుక బియ్యం బస్తా మూతికి వేసే ముడి వేసి పంపాను.

మూడు నెలలు పరీక్షాకాలమన్నారు. ఈలోగా తెలుగు పత్రికల్లో వేయడానికి, నూనె వాడి బాగుపడ్డవాళ్ళ ఉత్తరాలు తేవాలి. తేలేకపోతే ఉద్యోగం లేదు. వాడినవాళ్ళు చాలామందే దొరికారు. బాగుపడ్డవాళ్ళే దొరకలేదు.

చివరికి పక్కింటి నూకాలమ్మకు నేనే సీసా పట్టుకెళ్ళి ఇచ్చాను. శ్రీకాకుళం వైపు మనిషి, అరవై దాటాయి, అక్షరం రాదు. ఈ కాసిడీహ్ పేటలో మేం కాపురం పెట్టిన కొత్తలో నాకు బొగ్గుల కుంపటి రాజేయడం నేర్పింది ఆవిడే. నెల్లాళ్ళయ్యాక ఎలా ఉందని అడిగితే తాపీగా ఆలోచించి చెప్పింది. చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను.

"మోకాళ్ళకి మీ నూనె రాత్తే నొప్పి పోయిందంటే అబద్ధమేనమ్మా. నొప్పి అలాగే ఉంది. రాసినంతసేపూ మా కోడలు అసిరమ్మ నా కాడ కూకుంటాది గదా, పేనానికి సుఖంగా ఉంటాది."

ఆయన చదివి, ఇంత నిజం కంపెనీకి పనికిరాదని కాగితం పక్కన పెట్టేశారు. నేను పెన్సిలు తీసుకున్నాను. పత్రిక రోజుల్లోనూ సగం దిద్దుబాటు నాదే, పేరు ఆయనది. నూకాలమ్మ అనని మాట ఒక్కటీ చేర్చలేదు. మధ్యలోవి కొట్టేశానంతే. "మోకాళ్ళకి మీ నూనె రాత్తే పేనానికి సుఖంగా ఉంటాది" అని మిగిలింది.

ఆయన కాగితాన్నీ నన్నూ మార్చి మార్చి చూశారు.

"పాఠకుల ఉత్తరాలు మనం ఇలా కత్తిరించలేదు సువర్ణా."

"అప్పుడు మనం ఏమీ అమ్మలేదు లెండి" అన్నాను. ఆ జవాబుకు అప్పట్లో నాకు నేనే ముచ్చటపడ్డాను.

ఉత్తరం కంపెనీకి నచ్చింది. ఉద్యోగం ఖాయమైంది. నూకాలమ్మ పేరుతో, కాసిడీహ్, జంషెడ్‌పూర్ అన్న చిరునామాతో అది వారపత్రికలో అచ్చయింది.

ఒక ఆదివారం మేమిద్దరం గుడినుంచి వచ్చేసరికి మా వరండాలో నూకాలమ్మ, పక్కన కొత్తావిడ ఒకరు కూర్చుని ఉన్నారు. ఆవిడ పేరు జోగమ్మట. ప్రకటన కొడుకు చదివి వినిపిస్తే, ఎన్ని సీసాలకు నయమైందో నూకాలమ్మనే అడుగుదామని గోవింద్‌పూర్ నుంచి రిక్షా కట్టించుకుని వచ్చింది. రెండు మోకాళ్ళూ కుండల్లా వాచి ఉన్నాయి. మా ఆయన చల్లగా లోపలికి తప్పుకున్నారు.

నూకాలమ్మ పత్రిక నా చేతికిచ్చింది. "నయమైందని నానెప్పుడన్నాను? ఏటి రాసుందో సదువమ్మా."

కళ్ళు అచ్చు మీద పెట్టి, ఆవిడ నిజంగా చెప్పిందంతా, అబద్ధమేనమ్మా అన్నదగ్గర్నుంచి అసిరమ్మ దాకా, గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాను. నూకాలమ్మ తృప్తిగా తలూపింది.

"మావోడు సదివినప్పుడు ఒక ముక్కే ఉందే. కోడలి ఊసే నేదు" అంది జోగమ్మ.

నూకాలమ్మ నావైపు తిరిగింది. "ఏలెట్టి సదువమ్మా."

వేలు పెట్టి చదివాను. వేలు అంగుళం కదిలేసరికి వాక్యం అయిపోయింది.

ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. తన పేరెక్కడుందని అడిగితే చూపించాను. ఆ చోటును బొటనవేలితో ఒకసారి తడిమింది.

"అన్ని మాటలు కోసీసినదానివి, ఇదీ కోసీవలసింది గదమ్మా."

ఇంతకీ నూనె కొనమంటారా వద్దంటారా అని జోగమ్మ అడిగింది, నన్నే.

"కొనకండి. దాంతో నొప్పి పోదు" అన్నాను. లోపలికి వినబడే గొంతుతోనే అన్నాను.

అప్పటికే నూకాలమ్మ లేచింది. మా వరండాకు మూడు మెట్లు. ఎప్పుడూ నా భుజం పట్టుకుని దిగేది. నేను ఆవిడ పక్కకు వెళ్ళి భుజం అందేలా నిలబడ్డాను. ఆవిడ గోడ పట్టుకుని దిగింది.