రేణుకి ఇష్టం లేదట

"జగన్మోహన్ వాళ్ళబ్బాయికి కూడా లంచ్ కట్టు. వాళ్ళమ్మా నాన్నా ఆఫీసులకి పోతారు, నాకు ముందే మీటింగ్ ఉంది, నువ్వే మా ల్యాబు దగ్గర డ్రాప్ చేసిరా," అన్నారు మా ఆయన టై బిగించుకుంటూ. అడగలేదు, చెప్పారు. పెళ్ళయినప్పటి నుంచీ అంతే.

1983 జూన్. ఇండియా నుంచి వచ్చిన మా ఆయన ఇక్కడి యూనివర్సిటీ ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్‌లో ప్రొఫెసరు. ఏటా వేసవిలో కొందరు హైస్కూల్ పిల్లల్ని ఎంచుకుని, అక్కడి ల్యాబుల్లో పని నేర్పిస్తారు. మా రేణు ఏడాదంతా దానికోసమే కష్టపడింది. ఇంట్లో పాత రేడియో విప్పి మళ్ళీ పలికించింది. ఇంటర్వ్యూ నుంచి నవ్వుతూ వచ్చింది. కొన్నాళ్ళకి వాళ్ళ నాన్న, "నీకు రాలేదురా తల్లీ, ఇంకా బాగా చదవాలి," అన్నారు. అది ఏడవలేదు. మర్నాడు స్కూలుకెళ్ళి, వచ్చే ఏడాదికి ఫిజిక్స్ మానేసి టైపింగ్ పెట్టుకుంది. నాకు అదే ఎక్కువ భయం పుట్టించింది.

ఫ్రీవే ఎక్కాక పక్క సీట్లోంచి జగన్మోహన్ గారి కొడుకు రవికుమార్ అన్నాడు: "థాంక్స్ ఆంటీ. రేణు వద్దనకపోతే నాకు ఛాన్సే లేదు. నేను వెయిటింగ్‌లో ఉన్నా."

"రేణు వద్దందా?"

"అంకుల్ చెప్పారు కదా. తనకి ఇంట్రెస్ట్ లేదు, ఈ సమ్మర్ మీకు ఇంట్లో హెల్ప్ చేస్తుంది అని."

నాకు అంతా అర్థమైంది. సొంత కూతురికి సీటిచ్చుకున్నాడని తోటివాళ్ళు అనకూడదు. అందుకని పిల్ల పేరు మీద అబద్ధమాడారు. పైగా చదువు చాలలేదని దానికే చెప్పారు. ఆ సీట్లో కూర్చున్న కుర్రాడికి నేను పొద్దున్నే లేచి పులిహోర కలిపాను, కారు తోలుతున్నాను. మంచిపేరు ఆయనది. చాకిరీ నాది, శిక్ష పిల్లది.

తర్వాతి ఎగ్జిట్‌లో దిగి కారు వెనక్కి తిప్పాను.

"లేట్ అవుతుంది ఆంటీ," అన్నాడు రవి.

"అవనీ."

ఇంట్లో రేణు బట్టలు మడత పెడుతోంది. షూస్ వేసుకోమన్నాను. ఎక్కడికని అడిగితే చెప్పలేదు. చెబితే రాదు.

ల్యాబు కారిడార్లోనే ఎదురయ్యారు మా ఆయన. మా ముగ్గురినీ చూడగానే అర్థమైపోయింది. "వసూ, ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం," అన్నారు మెల్లగా. ఇంటికెళ్ళి మాట్లాడుకున్నవన్నీ ఏమయ్యాయో నాకు తెలుసు. ఆయన్ని దాటుకుని, ఈ సమ్మర్ ప్రోగ్రాం చూసే ముసలి ప్రొఫెసర్ విట్కౌస్కీ గదిలోకి వెళ్ళి ఇంగ్లీషులో చెప్పాను, మా అమ్మాయి వద్దనలేదని, సీటొచ్చిన సంగతే దానికి తెలియదని.

రేణు, వెనకే వచ్చిన వాళ్ళ నాన్న వైపు తిరిగింది. "నాకు వచ్చిందా నాన్నా?"

ఆయన కిటికీలోంచి బయటికి చూశారు.

విట్కౌస్కీ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. రవిని తీసెయ్యనక్కర్లేదని, తన సొంత ల్యాబులో ఓ బల్ల ఖాళీగా ఉందని, రేణు ఈరోజే రావచ్చని అన్నాడు. అయిపోయిందనుకుని నేను తిరగబోయాను. విట్కౌస్కీ మాత్రం నన్నే చూస్తున్నాడు.

"మరి మీ సంగతి?" అన్నాడు.

"ఏ సంగతి?"

"మీ అమ్మాయి కిండర్‌గార్టెన్‌లో ఉన్నప్పుడు మీరు అప్లై చేసిన ల్యాబ్ ఇన్‌స్ట్రక్టర్ ఉద్యోగానికి మిమ్మల్ని తీసుకున్నాం. పిల్ల చిన్నది, మీకిష్టం లేదని మీ ఆయనొచ్చి చెప్పాడు."

ఇండియా డిగ్రీ ఇక్కడ చెల్లదన్నారు వసూ, అని ఆరోజు నా భుజం తట్టిన చెయ్యి గుర్తొచ్చింది. వాల్తేరులో ఎమ్మెస్సీ ఫిజిక్స్, ఫస్ట్ క్లాసు నాది. ఆ మాట నమ్మి, ఇన్నేళ్ళూ ఈ డిపార్ట్‌మెంట్ వాళ్ళు డిన్నర్లకొస్తే సమోసాలు వేయించి పెట్టాను. బావున్నాయని వాళ్ళంటే సంతోషపడ్డాను కూడా.

"వసూ, పద," అన్నారు వెనకనుంచి.

నేను విట్కౌస్కీ ఎదురుగా ఉన్న కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"అప్పుడు ఆయన్నడిగారు," అన్నాను. "ఇప్పుడు నన్నడగండి."