వరి మొక్క మీద బోర్లించిన సీసా

నేను ఒక గాజు సీసాను. బట్టీలోంచి బయటపడ్డప్పుడు నా నుదుట జామ్ రాసిపెట్టి ఉంది. ఒక ఇంట్లో పిల్లలు నా అడుగుదాకా వేలు పెట్టి నాకేశాక, పాత సామాన్లవాడి బుట్ట ఎక్కి, చివరికి కృష్ణా తీరంలోని ఒక వరి పరిశోధన కేంద్రానికి చేరాను. అక్కడ చిన్న చిన్న మొక్కల్ని నాలాంటి సీసాల్లోనే పెంచుతారు. ఎంత చదువుకున్నవాళ్ళకైనా జామ్ సీసా పారెయ్యడానికి మనసొప్పదని అప్పుడే తెలిసింది.

నన్ను కడిగేది నాంచారి. ఎనిమిదో తరగతిలోనే బడి మానేసిన పిల్ల. ఎనిమిది నెలల పాపను అత్త ఒళ్ళో పెట్టి పనికి వచ్చేది. పాపకు జలుబు చేసిందేమో, పాలు చాలలేదేమో, ఆ భయాలన్నీ నురగతోపాటు నా మీద రుద్దేది.

వాసంతి మేడమ్ అక్కడి శాస్త్రవేత్త. వేరు ఉప్పు నీళ్ళకు తట్టుకోవాలని, కంటికి కనపడని కత్తెరతో వరి జన్యువులో ఒక్క చోట చిన్న కత్తిరింపు పెట్టింది. అరవై సీసాల్లో, నాలో మొలిచిన మొక్కలోనే అది సరైన చోట పడింది. ఆ మాట విన్న రోజు నాంచారి చేతిలోంచి జారబోయాను. సముద్రపు నీళ్ళెక్కి వాళ్ళ నాన్న ఎకరం తెల్లగా ఉప్పు తేలి రెండేళ్ళయింది.

"మేడమ్ గారూ, ఈ బియ్యం పిల్లలకి పెట్టొచ్చాండీ? లోపలేమన్నా కలిపారా?"

"ఉన్నదాన్నే కాస్త కత్తిరించాం. ఆ కత్తెర తాలూకు ముక్క కూడా మిగలని గింజల్ని తర్వాత ఏరతాం. పరీక్షలన్నీ అయ్యేదాకా మాత్రం నేనూ తినను, నువ్వూ పెట్టకు."

నాంచారి మొహం తేటపడింది. భయపడేవాళ్ళకి ఇలాంటి మాటే ధైర్యం కాబోలు.

మొక్కను కుండీలోకి మార్చి, వాడిపోకుండా నన్నే దాని మీద బోర్లించారు. "నాలుగో రోజు నుంచి అంచు కింద రోజుకో రాయి పెట్టి గాలి తగలనివ్వు. వారానికి సీసా తీసెయ్" అని చెప్పి మేడమ్ పది రోజులు ఊరెళ్ళింది.

నాలుగో రోజు నాంచారి రాయి పట్టుకుని నిలబడింది. పెట్టలేదు.

"ఇరవై ఒక్క రోజులు నిండందే నా పిల్లనే గడప దాటించలేదు. దీన్నెట్టా?"

కుండీలు తడుపుతున్న మరియమ్మ నవ్వింది. "సాంబ్రాణి కూడా వెయ్యవే నీ పురిటి మొక్కకి! బారసాలకి నన్నూ పిలుద్దువుగాని."

నా గోడలకు చెమట పట్టింది. మట్టి మీద దూదిలాంటి బూజు లేచింది. మూడు ఆకుల్లో రెండు మెత్తబడి నాకు అంటుకుపోయాయి. దానికి ఊపిరాడనివ్వంది నేనే. పక్కకి జరుగుదామంటే నాకు కాళ్ళు లేవు. నాంచారి రోజూ చెంగుతో నన్ను బయట తుడిచేది. తడి లోపల ఉంది.

మేడమ్ వచ్చి చూసింది.

"నేనేనండీ. చలి తగులుద్దని రాయి పెట్టలేదు. చచ్చిపోద్దాండీ?"

మేడమ్ నన్ను పైకెత్తింది. కుళ్ళిన ఆకుల్ని కోసేసి, "చెప్పావు కాబట్టి సరిపోయింది. లేకపోతే నా కత్తిరింపు వల్లే చస్తోందనుకుని, మూడేళ్ళ పని చెత్తలో పోసేదాన్ని" అంది. నన్ను మళ్ళీ బోర్లించి, ఒక రాయి నాంచారికే ఇచ్చింది. "పెట్టు. నీ చేత్తోనే."

నాంచారి పెట్టింది. రోజుకో రాయి. ఆరో రోజు సూదిలాంటి కొత్త ఆకు లేచింది.

రాళ్ళ మీద ఎక్కీ దిగీ నా అంచు చిట్లింది. ఇక మొక్కలకు పనికిరానన్నారు. నాంచారి నన్ను అడిగి తీసుకెళ్ళి, వాళ్ళ నాన్న పొలంలో ఉప్పు తేలిన మట్టి నింపి, మూత పెట్టి, మళ్ళీ మేడమ్ బల్ల మీదే పెట్టింది. "ఆ మొక్క గింజ ఇందులో మొలిస్తే అప్పుడు నమ్ముతానండీ."

మొక్క ఇంకా పొట్టకు రాలేదు. మేమంతా చూస్తున్నాం. నాంచారి రోజూ వచ్చి నా మూత కాస్త వదులు చేసి వెళుతుంది. మట్టికి గాలి తగలాలట.